సర్కారీ నౌకరీ: ఈ ఇజ్జత్ ఎక్కడి నుండి వచ్చింది?

 

ఈ సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంఘం పెద్దలు నన్ను కోరారు. చరిత్ర అనగానే కోటలు, దర్బారులు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. కాని మన ఇళ్ళలో రోజూ వినబడే ఒక మాటకు కూడా చరిత్ర ఉంటుంది. ఆ మాట ‘సర్కారీ నౌకరీ’. దాని గూర్చే నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను పాఠాలు చెప్పేది ఉర్దూ మాధ్యమంలో. కావున నా తెలుగులో ఎక్కడైనా ఉర్దూ వాసన తగిలితే చదువరులు మన్నించగలరు.

కొంతకాలం క్రితం ఒక పెళ్ళి సంబంధం మాట్లాడడానికి నన్ను పెద్దమనిషిగా వెంట తీసుకుపోయారు. ఆడపిల్ల తండ్రి ముందు రెండు సంబంధాలు ఉన్నవి. అబ్బాయిలు ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవారే, ఇద్దరూ బి.కాం. పాసైనవారే. ఒకడు ఏ.సి.లు, ఫ్రిజ్‌లు బాగుచేసే దుకాణం పెట్టుకుని మరి ముగ్గురికి పని ఇస్తున్నాడు. రెండవవాడు కొత్తగా జూనియర్ అసిస్టెంటు అయ్యాడు. నెలకు చేతికి వచ్చే డబ్బు చూస్తే మొదటివాడిదే ఎక్కువ. అయినా మొదటివాడి గూర్చి ఆ పెద్దమనిషి పది ప్రశ్నలు అడిగాడు. దుకాణం అద్దెదా, సొంతమా? చలికాలంలో పని ఉంటుందా? అప్పులేమైనా ఉన్నాయా? రెండవవాడి గూర్చి మాత్రం ఒకే ప్రశ్న: “పర్మనెంటేనా?” అవునన్నాను. అంతే, లోపల నుండి చాయ్ వచ్చింది. సంబంధం ఎవరితో కుదిరిందో వేరే చెప్పనక్కర లేదు.

నిజం చెప్పాలంటే, అవునన్నప్పుడు నా గొంతులో కూడా కొంచెం గర్వం పలికింది. నేనూ సర్కారీ నౌకరునే కదా!

వారం రోజుల తరువాత ఆ దుకాణం కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. తల వంచుకుని కూర్చుని, “సార్, దుకాణం మూసేసి రెండేళ్ళు కోచింగుకు పోదామనుకుంటున్నా. మీరేమంటారు?” అన్నాడు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. మళ్ళీ రమ్మని పంపించాను. ఈ వ్యాసం ఒక విధంగా ఆ కుర్రవాడికి జవాబు వెతుక్కోవడానికి వ్రాసిందే.

నెల జీతం అనే కొత్త పద్ధతి

మన హైదరాబాదు రాజ్యం సంగతే తీసుకుందాం. 1853లో మొదటి సాలార్‌జంగ్ దివాను అయినప్పుడు ఆయన వయసు 24 ఏళ్ళు. అదే సంవత్సరం బీరారు ప్రాంతం కంపెనీ వారి చేతికి పోయింది. ఖజానా ఖాళీగా ఉన్నది. భూమి పన్ను వసూళ్ళు గుత్తకు ఇచ్చేవారు. గుత్తేదారు రైతు దగ్గర ఎంత పిండితే అంత అతనికి లాభం. సిపాయికి గాని, మున్షీకి గాని జీతం నెలనెలా చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. అందాకా సాహుకారు దగ్గర అప్పు తెచ్చుకుని బ్రతకాలి. పని దొరకడం, పోవడం అంతా ఒక అమీరు దయ మీద, ఒక జాగీర్దారు కోపతాపాల మీద ఆధారపడి ఉండేది.

సాలార్‌జంగ్ ఈ గుత్త పద్ధతిని క్రమంగా తొలగించాడు. 1865లో ‘జిలాబందీ’ జరిగింది, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. జిల్లాకు తాలూక్‌దారు, తాలూకాకు తహసీలుదారు, వారి క్రింద పేష్కారు, అహల్కారు, చప్రాసీ. ఉత్తరాదిన అవధ్ ప్రాంతంలో తాలూక్‌దారు అంటే పెద్ద భూస్వామి. మన హైదరాబాదులో మాత్రం తాలూక్‌దారు అంటే ఇప్పటి కలెక్టరు వంటి అధికారి. అహల్కారు అంటే గుమాస్తా. వీరికి వసూళ్ళలో వాటా కాదు, నెలకు ఇంత అని జీతం.

ఈనాడు మనకు ఇది చాలా మామూలు విషయంగా కనిపిస్తుంది. కాని ఆ రోజుల్లో ఇది ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. ఒక పేదింటి కుర్రవాడు, చేతివ్రాత బాగుండి లెక్క తెలిసినవాడు, ఏ నవాబు గుమ్మం ముందూ చేతులు కట్టుకుని నిలబడకుండా నెల తిరిగేసరికి ఇల్లు నడుపుకోవచ్చు. సిఫారిషులు పూర్తిగా పోయాయని నేను అనను. అవి నాడూ ఉన్నవి, నేడూ ఉన్నవి. కాని మనిషి దయకు బదులు ఒక కాయిదా వచ్చింది. నా దృష్టిలో సర్కారీ నౌకరీ ఇజ్జత్‌కు పునాది పడింది ఇక్కడే. అది కుర్చీలో లేదు, మొదటి తారీఖులో ఉన్నది.

చదువుకూ కుర్చీకీ పడ్డ ముడి

మరి డిగ్రీకీ ఈ నౌకరీకీ ముడి ఎప్పుడు పడింది? అది బ్రిటిషు ఇండియాలో మొదలైన సంగతి. 1837లో కంపెనీ ప్రభుత్వం కచేరీలలో పారసీ స్థానాన్ని తొలగించింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్, ఇంగ్లీషు చదువు చదివినవారికి సర్కారు ఉద్యోగాలలో ముందు చోటు ఇవ్వాలని తీర్మానం చేశాడు. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. మరుసటి సంవత్సరమే కలకత్తా విశ్వవిద్యాలయం మొట్టమొదటి పట్టభద్రులలో ఒకరైన బంకించంద్ర ఛటర్జీ డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉద్యోగంలో చేరారు. దేశంలో తొలి బి.ఏ.లలో ఒకాయన డిగ్రీ చేతికి రాగానే నేరుగా సర్కారు కచేరీకే వెళ్ళాడన్నమాట. పట్టా అంటే ఉద్యోగానికి చీటీ అన్న భావం అలా మొదట్లోనే స్థిరపడిపోయింది.

ఈ మార్పులో పారసీ చదువుకున్న ముస్లిం కుటుంబాలు వెనుకబడ్డాయి. 1871లో డబ్ల్యు. డబ్ల్యు. హంటర్ అనే ఆంగ్ల అధికారి వ్రాసిన పుస్తకంలో బెంగాలు కచేరీల పరిస్థితి ఉన్నది. ఒకప్పుడు అధికారం చేసిన వర్గం వారికి కలకత్తా కార్యాలయాలలో బంట్రోతు, సిరాబుడ్లు నింపేవాడు వంటి పనులకు మించి ఆశ లేకపోయిందని ఆయన వ్రాశాడు. ఆయన చెప్పింది ముఖ్యంగా బెంగాలు సంగతే, దేశమంతా అలాగే ఉందని కాదు. అయినా ఆ భయం మాత్రం దేశమంతా పాకింది.

ఇజ్జత్ గూర్చి ఉర్దూ సాహిత్యంలో ఒక ప్రసిద్ధమైన సంఘటన ఉన్నది. 1842లో ఢిల్లీ కాలేజీలో పారసీ చెప్పడానికి మీర్జా గాలిబ్‌ను పిలిచారు. ఆయన పాలకీలో వెళ్ళి, సెక్రటరీ థామ్సన్ ఎదురు వచ్చి లోపలికి తీసుకుపోతాడని వాకిట్లోనే ఆగాడు. దర్బారుకు అతిథిగా వస్తే ఆ మర్యాద జరుగుతుంది గాని, నౌకరీకి వచ్చినవారికి జరగదని దొర చెప్పాడట. నౌకరీ వలన ఉన్న గౌరవం పెరగాలి గాని తరగరాదని చెప్పి గాలిబ్ పాలకీ వెనక్కు తిప్పించాడు. ముహమ్మద్ హుసేన్ ఆజాద్ తన గ్రంథంలో దీనిని చెప్పాడు. అప్పట్లో గాలిబ్‌కు అప్పులు లేకపోలేదు. అయినా మనిషి ఇజ్జత్ వేరు, నౌకరీ ఇజ్జత్ వేరు అని ఆయన తలచాడు. ఒక రెండు తరాలు గడిచేసరికి ఈ రెండూ ఒక్కటైపోయాయి. అప్పటికి అక్బర్ ఇలాహాబాదీ, తాను స్వయంగా జడ్జీ పదవి చేసినవాడై ఉండి కూడా, బి.ఏ. చదివి నౌకరీ వెంట పరుగెత్తే కుర్రవాళ్ళను తన కవితలలో ఎగతాళి చేశాడు. జనం నవ్వుకున్నారు, మరుసటి రోజు పిల్లల చేత అర్జీలు వ్రాయించారు.

ముల్కీ, గైర్ ముల్కీ

హైదరాబాదుకు తిరిగి వద్దాం. సాలార్‌జంగ్ తన కొత్త వ్యవస్థను నడపడానికి ఉత్తర హిందుస్తాను నుండి చదువుకున్నవారిని పిలిపించాడు. మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ వంటి సమర్థులు అలా వచ్చినవారే. 1880లలో పారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది. బయటివారు ఎక్కువ కావడంతో స్థానికులలో అసంతృప్తి పెరిగింది. ఈ గడ్డ మీద పుట్టినవాడు ముల్కీ, బయట నుండి వచ్చినవాడు గైర్ ముల్కీ. స్థానికులకే నౌకరీలు దక్కాలని 1888లో ఆదేశం వచ్చింది, 1919లో నిజాము ఫర్మానాతో అది గట్టిపడింది. పదిహేనేళ్ళు ఇక్కడ నివసించినవారు కూడా ముల్కీలు కావచ్చు.

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆధునిక శాస్త్రాలన్నీ ఒక దేశభాషలో, అంటే ఉర్దూలో, డిగ్రీ దాకా బోధించడం గొప్ప ప్రయోగం. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పనిచేసింది. నా వంటి ఉర్దూ మాస్టరుకు ఆ పేరు వింటే నేటికీ ఛాతీ పొంగుతుంది. 1920లలో పట్టభద్రులు బయటికి రావడం మొదలైంది. వారిలో చాలామంది చూపు సర్కారు కచేరీల మీదే ఉండేది. 1930లు వచ్చేసరికి చదువుకున్నవారు ఎక్కువ, కుర్చీలు తక్కువ అయ్యాయి. హైదరాబాదు హైదరాబాదీలకే అన్న నినాదం అప్పుడే బలపడింది. చూడండి, పట్టభద్రుల నిరుద్యోగం అన్నది నిన్న మొన్న పుట్టింది కాదు.

ఇక్కడ ఒక మాట మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. నాటి రాజ్యంలో ముస్లింల జనాభా ఎనిమిదో వంతుకు కాస్త అటూ ఇటూ. కచేరీలలో మాత్రం వారి భాగం దానికంటే చాలా ఎక్కువ. రాజ్యంలో సగం మంది దాకా మాతృభాష తెలుగు, కచేరీ భాష మాత్రం ఉర్దూ. తెలుగింటి కుర్రవాడు నౌకరీ గుమ్మం దాకా రావాలంటే ముందు మరొక భాష నేర్వాలి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమం కోరికలలో ముఖ్యమైనది. మనవారికి ఇజ్జత్‌గా కనిపించిన కుర్చీయే పక్కింటివారికి గోడగా కనిపించింది. ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే, ఆ తరువాత జరిగింది అర్థం చేసుకోవడం తేలిక.

1948 తరువాత మా ఇంట్లో

మా నాయనగారి తండ్రి, మా దాదాజాన్, ఒక తహసీలు కచేరీలో అహల్కారు. షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకుని, రూమీ టోపీతో కచేరీకి పోయేవారు. జీతం హాలీ సిక్కాలో. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. ఫైలు మీద తారీఖు ఫసలీలో వేసేవారు. పెద్ద నౌకరీ ఏమీ కాదు. అయినా మొహల్లాలో ఎవరి ఇంట ఉత్తరం వచ్చినా, ఎవరికి అర్జీ కావాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. రజాకార్ల దౌర్జన్యాలు ఒకవైపు, ఆ తరువాత జిల్లాలలో జరిగిన ప్రతీకారాలు మరొకవైపు చూసిన కాలం అది. దాదాజాన్ కొన్ని వారాలు గడప దాటలేదు. తరువాత కచేరీకి వెళ్ళారు. తోటివారిలో కొందరికి ఉద్యోగాలు పోయాయి, కొందరు దేశం విడిచి కరాచీ వెళ్ళారు. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. జాగీర్లను, దేవిడీలను నమ్ముకుని బ్రతికిన మున్షీలు, సిపాయిలు, నౌకర్లు వేల సంఖ్యలో రోడ్డున పడ్డారు. ఒకప్పుడు ఇంటికి నాలుగు దారులుండేవి. ఇప్పుడు మిగిలింది సర్కారు నౌకరీ ఒక్కటే. దాని బరువు అందుకే ఇంకా పెరిగింది.

దాదాజాన్ నౌకరీ మిగిలింది గాని, అందులో పాతది ఏదీ మిగలలేదు. ఫైళ్ళలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఫసలీ పోయి ఇంగ్లీషు తారీఖు వచ్చింది. కొన్నేళ్ళకు హాలీ సిక్కా కూడా పోయింది. భాష, క్యాలెండరు, నాణెం మూడూ మారిపోయాయి. ముప్పై అయిదేళ్ళ వయసులో ఆయన, ఆరేళ్ళ మా నాయనగారి పక్కన కూర్చుని అదే వాచకంలో ఏ, బి, సి, డి దిద్దుకున్నారు. ప్రమోషను పరీక్ష రెండుసార్లు తప్పారు. అహల్కారుగానే, కాదు, అప్పటికి దాని పేరు ఎల్.డి.సి., వజీఫా తీసుకున్నారు.

నేను చిన్నప్పుడు ఒకసారి అడిగాను, “దాదాజాన్, అంత కష్టపడి ఎందుకు నిలబడ్డారు? ఇజ్జత్ కోసమా?” ఆయన నవ్వి అన్నారు: “బేటా, నన్ను నౌకరీ నిలబెట్టలేదు. మొదటి తారీఖు నిలబెట్టింది. ఆ రోజు బియ్యం వస్తుందని మీ దాదీకి తెలుసు.”

వీధికెక్కిన ఉద్యోగం

ఆ తరువాత చిన్న నౌకరీ ఒక ఇంటి విషయంగా ఆగలేదు. రాజకీయమంతా దాని చుట్టూ తిరిగింది. 1952లో బయటి ప్రాంతాలవారికి ఉద్యోగాలు ఇస్తున్నారని, దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొస్తున్నాయని విద్యార్థులు లేచారు. వరంగల్లులో మొదలైన ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర జరిగిన పోలీసు కాల్పులలో యువకులు ప్రాణాలు కోల్పోయారు. ఆ గొడవలో ముఖ్యంగా ఉన్నవి మంత్రి పదవులు కావు. మాస్టర్లు, గుమాస్తాల ఉద్యోగాలు.

1956లో రాష్ట్రాల విలీనానికి ముందు పెద్దమనుషుల ఒప్పందం వ్రాసుకున్నప్పుడు అందులో నౌకరీల రక్షణ ఒక ముఖ్యాంశం. అది అమలు కాలేదన్న కోపమే 1969 ఉద్యమానికి ఒక మూలం. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగా, ఈసారి ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. 1973లో ఆరు సూత్రాల పథకం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో 610 జీ.వో. ఇవన్నీ ఎవరు ఎక్కడ గుమాస్తా కావచ్చు, ఎవరు ఎక్కడ మాస్టరు కావచ్చు అన్న లెక్కలే. చివరకు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నినాదంలో కూడా నీళ్ళు, నిధుల సరసన నియామకాలు ఉన్నవి. 2014లో రాష్ట్రం వచ్చింది.

మన వర్గం సంగతి చూస్తే, 2006లో సచార్ కమిటీ నివేదిక ఇచ్చిన అంకెలు గుర్తుంచుకోదగినవి. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 13.4 శాతం. ఐ.ఏ.ఎస్.లో వారు 3 శాతం, రైల్వేలో 4.5 శాతం. ఆ రైల్వే ఉద్యోగులలో కూడా దాదాపు అందరూ క్రింది స్థాయిలలోనే ఉన్నారు. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్యలో, ఉద్యోగాలలో 4 శాతం కేటాయిస్తూ చట్టం చేసింది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగింది. దాని వలన ఎందరో పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు, మాస్టర్లు అయ్యారు. నా శిష్యులలోనే ఉన్నారు. కావున సర్కారీ నౌకరీ వద్దని నేను చెప్పడం లేదు. చెప్పే హక్కు నాకు లేదు. సర్కారు కచేరీలో మనవారు కూడా కనిపించాలి. ఆ కచేరీకి పనిమీద వెళ్ళే ఒక బురఖా తల్లికి అది కొండంత ధైర్యం.

పేరు మిగిలింది, లోపలిది మారింది

కాని ఇప్పుడు జరుగుతున్నది కాస్త చూడండి. 2018లో తెలంగాణలో 700 గ్రామ రెవెన్యూ అధికారి పోస్టులకు 10 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఇంటర్ చాలు అన్న ఉద్యోగానికి డిగ్రీలు, పి.జి.లు ఉన్నవారు వరుస కట్టారు. 2020 సెప్టెంబరులో ఆ పదవినే చట్టం చేసి రద్దు చేశారు. ఇది కొత్త సంగతి కూడా కాదు. అంతకు ముందు 1984లో పటేల్, పట్వారీ, మునసబు, కరణం పదవులు తరతరాల పెత్తనంతో సహా ఒక్క ఆర్డినెన్సుతో పోయినవి.

నాకు తెలిసిన ఒక కుర్రవాడు ఆ 700 మందిలో ఒకడు. పదవి రద్దయినా అతని జీతం ఆగలేదు, తరువాత వేరే శాఖలో సర్దారు. అయినా ఆ రెండేళ్ళలో బంధువులు అతన్ని చూసే చూపు మారింది. “ఇప్పుడు ఏం రాస్తారు, పెళ్ళి కార్డు మీద?” అని ఒకరు అడిగారట. జీతం అదే, మనిషి అతడే. పోయింది పేరు ఒక్కటే. మనం ఇజ్జత్ ఇస్తున్నది దేనికో దీనివలన తెలుస్తున్నది కదా!

2023 జూలైలో గ్రూప్-4 పరీక్ష జరిగింది. 8 వేల పైచిలుకు పోస్టులు, దాదాపు తొమ్మిదిన్నర లక్షల దరఖాస్తులు. అంటే ఒక కుర్చీకి వంద మందికి పైగా. గ్రూప్-1 కథ ఇంకా బాధాకరం. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగితే, ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ జరిగితే హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి వ్రాశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగాలు లక్షా ఇరవై ఆరు వేలకు పైగా ప్రకటించారు. అన్ని పోస్టులున్నా దరఖాస్తులు 20 లక్షలు దాటినవి. చేరినవారికి మొదట నెలకు 15,000 రూపాయలు. ఆ డబ్బు ఒక మంచి మేస్త్రీ సంపాదనకంటే తక్కువ.

పెన్షను ఉంటుంది కదా అంటారు. మన పెద్దలు చెప్పే ఆ వజీఫా వేరు. 2004 సెప్టెంబరు 1 తరువాత ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సర్వీసులో చేరినవారికి పాత పెన్షను పోయింది, జీతంలో నుండి కోసి దాచే కొత్త పద్ధతి వచ్చింది. ఈ సంగతి ఎందరు ఆడపిల్లల తండ్రులకు తెలుసు? వయోపరిమితి చూడండి. తెలంగాణలో 2022లో 44 ఏళ్ళకు, 2024లో 46 ఏళ్ళకు పెంచారు. అవకాశం రానివారికి అది న్యాయమే, నేను కాదనను. కాని మరో వైపు నుండి చూస్తే, ఒక యువకుడు ఇరవై రెండో ఏట నుండి తలవెంట్రుకలు నెరిసేదాకా “ప్రిపేర్ అవుతున్నా” అని చెప్పుకోవడానికి వీలైంది. మా మొహల్లాలోనే అలాంటివారు నలుగురైదుగురు ఉన్నారు. తండ్రి ఆటో నడుపుతాడు, చెల్లెలు మిషను కుడుతుంది, అన్న గదిలో గైడు పుస్తకాలతో ఉంటాడు. అతన్ని ఎవరూ సోమరి అనరు, ఎందుకంటే అతడు ఇజ్జత్ కోసం కూర్చున్నాడు. కాని ఆ చెల్లెలి పెళ్ళి ఆగి ఉన్నది. ఆమె కూడా డిగ్రీ చదివినదే. పరీక్ష వ్రాస్తావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

మనం చేయవలసింది

చరిత్ర మనకు చెప్పేది ఇదే. కచేరీ భాష పారసీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది. హాలీ సిక్కా పోయింది. అహల్కారు ఎల్.డి.సి. అయ్యాడు, ఎల్.డి.సి. జూనియర్ అసిస్టెంటు అయ్యాడు. పట్వారీ పోయాడు, వి.ఆర్.ఓ. వచ్చాడు, వి.ఆర్.ఓ. కూడా పోయాడు. ఏ పేరూ నిలవలేదు. నిలవదగినవి రెండే: నెల తిరిగేసరికి ఇంటికి భరోసా, ఒకరి దయ మీద కాక కాయిదా మీద బ్రతకడం. ఇజ్జత్ ఈ రెండింటిది. ఇవి ఎక్కడ ఉంటే అక్కడ ఇజ్జత్ ఉన్నట్టే. ఇవి లేని చోట సర్కారీ ముద్ర ఉన్నా లాభం లేదు. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగు పేర్లతో, మొదటి తారీఖు ఎప్పుడొస్తుందో తెలియక పనిచేసేవారిని అడగండి, చెబుతారు.

కావున సభ్యులకు, తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలను పరీక్షలు వ్రాయనివ్వండి, ఆడపిల్లలను కూడా వ్రాయనివ్వండి. కాని ముందే ఒక గడువు పెట్టుకోండి. రెండేళ్ళో, మూడేళ్ళో, అది మీ ఇంటి స్థితిని బట్టి. ఆ కాలంలో కూడా చేతిలో ఏదో ఒక పని ఉండేటట్టు చూడండి. సంబంధాలు చూసేటప్పుడు దుకాణం పిల్లవాడిని అడిగిన పది ప్రశ్నలు నౌకరీ పిల్లవాడిని కూడా అడగండి. మనిషి ఎలాంటివాడు, ఇల్లు ఎలా చూసుకుంటాడు అన్నది పర్మనెంటు ఆర్డరులో వ్రాసి ఉండదు. ఇక నా వలె నౌకరీలో ఉన్నవారికి ఒక మాట. మన ముందుకు అర్జీతో వచ్చే మనిషికి కుర్చీ చూపించి కూర్చోమనండి. గాలిబ్ సాహెబుకు వాకిట్లో జరిగింది మన గుమ్మంలో ఎవరికీ జరగకూడదు.

ఆ దుకాణం కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. నేను చెప్పాను: “పరీక్ష వ్రాయి బేటా, ఫీజు కట్టు, తెల్లవారుజామున రెండు గంటలు చదువుకో. వస్తే సంతోషం. కాని దుకాణం మూయవద్దు. నీ దగ్గర ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్ళ ఇళ్ళకు మొదటి తారీఖు తెస్తున్నది నువ్వే. మా దాదాజాన్‌కు సర్కారు చేసిన పని వాళ్ళకు నువ్వు చేస్తున్నావు. ఇంతకంటే ఇజ్జత్ నేను చూడలేదు.”

వాడు ఏమీ అనలేదు, సలాం చేసి వెళ్ళిపోయాడు. మరునాడు ఉదయం బడికి పోతూ చూశాను. షట్టరు ఎత్తి ఉన్నది. కౌంటరు మీద ఒక మూల గ్రూప్-4 గైడు కూడా ఉన్నది.